తుపాకీ దొరికిందని సంబరపడొద్దు: చాలాకాలం ఆడాక ప్రాజెక్ట్ జోంబాయిడ్

జోంబీల గేమ్ అంటే అడ్డొచ్చినవాటిని కాల్చుకుంటూ పోవడమే అనుకునేవాళ్లు ప్రాజెక్ట్ జోంబాయిడ్ కొంటే మొదటి గంటలోనే తిట్టుకుంటారు. ఇందులో షాట్‌గన్ పేలిస్తే ఎదురుగా ఉన్న నాలుగు కూలతాయి, నిజమే. కానీ ఆ చప్పుడు విని వీధుల అవతల ఉన్నవన్నీ కదులుతాయి. మన దగ్గర మిగిలిన తూటాల కంటే వచ్చేవే ఎక్కువ. కిటికీ అద్దం పగిలినా, కారు హారన్ మోగినా, ఇంట్లోకి దూరగానే అలారం మొత్తుకున్నా ఇదే వరస. పైనుంచి ఏటవాలుగా కనిపించే బొమ్మలు, ఈడ్చుకుంటూ నడిచే జోంబీలు చూసి తేలిగ్గా తీసుకుంటే అంతే సంగతులు. బిల్డ్ 41 అనే వెర్షన్ వచ్చిన దగ్గర్నుంచి ఆడుతున్నాను, ఇప్పటికీ మానలేదు. అలాగని అందరినీ కళ్లు మూసుకుని కొనమని చెప్పను.

కథాకాలం 1993 జులై. చోటు అమెరికాలోని కెంటకీ. నాక్స్ కంట్రీ పేరుతో గేమ్ కోసం అల్లుకున్న ప్రాంతమే అయినా మల్డ్రా, వెస్ట్ పాయింట్, లూయీవిల్ నిజంగా ఆ రాష్ట్రంలో ఉన్న ఊళ్లే. చేతిలో ఫోన్ లేని కాలం కాబట్టి బయట ఏం జరుగుతోందో తెలియాలంటే టీవీ, రేడియోలే దిక్కు. మొదటి రోజుల్లో టీవీలో వడ్రంగం, వంట కార్యక్రమాలు వస్తాయి. కూర్చుని చూస్తే మన క్యారెక్టర్‌కి ఆ పని కొంత వంటబడుతుంది. బయట ఊరు ఊరంతా చచ్చి తిరుగుతుంటే మనం సోఫాలో కూర్చుని బల్ల చేయడం నేర్చుకుంటూ ఉంటాం. ఈ గేమ్ హాస్యమంతా ఇలాగే ఉంటుంది, మొహం మీద నవ్వు లేకుండా.

మామూలు సెట్టింగుల్లో మొదటి నెలలోపు ఏదో ఒక రోజు కరెంటు పోతుంది, ఏదో ఒక రోజు కుళాయి ఆగిపోతుంది. ఎప్పుడన్నది ముందే తెలియదు. ఫ్రిజ్ ఆగితే మాంసం, కూరలు కుళ్లడం మొదలు. జనరేటర్ దొరికినా, దాని గురించిన పత్రిక ఎక్కడో వెతికి చదివితే తప్ప ఇంటికి కలపడం రాదు (ఎలక్ట్రీషియన్‌గా మొదలుపెడితే ఆ బాధ లేదు). తీరా కలిపి, చప్పుడు బయటికి పోకూడదని ఇంట్లోనే పెట్టుకుంటే ఆ పొగకే చస్తాం. ఇలా ఒక్కో అవసరం ఇంకో వెతుకులాటకి తోస్తుంది, ఆ వెతుకులాట మనల్ని ఇంట్లోంచి బయటికి లాగుతుంది. గేమ్ బలమంతా ఇక్కడే ఉంది. ఏదో ఒకటి లేకపోవడం ఉన్నంతకాలం దీనికి సాటి లేదు.

భయం సంగతి. జోంబీ గీరితే సోకే అవకాశం 7 శాతం, చర్మం చీలితే 25 శాతం, కొరికితే నూటికి నూరు. సోకాక మందు లేదు. గీత పడ్డ రాత్రి కట్టు కట్టుకుని కూర్చుంటాం. కాసేపటికి తెర పక్కన, క్యారెక్టర్ ఒంటి పరిస్థితి చూపించే చోట, వికారం బొమ్మ వెలుగుతుంది. అది జోంబీ విషమా, ఇందాక తిన్న పాడైన తిండా, గుమ్మం ముందు పోగైన శవాల కంపా? గేమ్ చెప్పదు. క్యారెక్టర్ ఎలాగూ పోతుందిలే అని ఉన్న మంచి తిండంతా తినేసి పడుకుంటే, తెల్లారి లేచేసరికి బొమ్మ మాయం. తలుపు వెనక నుంచి జోంబీ మీద పడటం చాలా గేముల్లో చూశాం. ఇలాంటి రాత్రి మాత్రం వాటిలో నాకు ఎదురుకాలేదు.

చూపు కూడా అంతే. మన క్యారెక్టర్ ఎటు తిరిగి ఉంటే అటువైపున్న జోంబీలే తెర మీద కనిపిస్తాయి. వెనక ఏముందో చూడాలంటే తిరగాల్సిందే. నాకు నచ్చిన పద్ధతి కంచె దగ్గర నిలబడి కొట్టడం. అవతలి జోంబీ కంచె దాటబోయి ఇవతలికి బోర్లా పడుతుంది, లేచేలోపు క్రోబార్‌తో నెత్తిన ఒకటి. నాలుగైదింటి వరకు బాగానే సాగుతుంది. తర్వాత ఆయాసం బొమ్మ వస్తుంది, దెబ్బలో పస తగ్గుతుంది, ఒక్క దెబ్బకి పడేది మూడు దెబ్బలకి గానీ పడదు. తెలివైనవాడు అక్కడే వెనక్కి తగ్గి ఎక్కడైనా కూర్చుంటాడు. ఇంకొక్కటే కదా అని ఆగినవాడి వెనక, తెర మీద గీయని చోట, అప్పటికే ఒకటి నిలబడి ఉంటుంది.

చచ్చాక అదే లోకంలో కొత్త క్యారెక్టర్‌తో మళ్లీ మొదలుపెట్టొచ్చు. గేమ్‌లోని రోజ్‌వుడ్ అనే ఊరి ఫైర్ స్టేషన్‌లో గొడ్డలి, మందపాటి ఫైర్ కోటు సంపాదించి అక్కడే పోయిన నా క్యారెక్టర్, కొత్తవాడితో తిరిగి వెళ్లేసరికి అదే కోటుతో, వీపున అదే సంచితో గ్యారేజీలో తిరుగుతోంది. సంచిలో నేను దాచుకున్న మేకులు, సగం చదివిన వడ్రంగం పుస్తకం. దాన్ని పడగొట్టి సంచి తీసుకోవడానికి కాస్త మనసు ఒప్పలేదు. తీసుకున్నాననుకోండి.

ఇక బాగోలేని వైపు. వాననీటి పీపాలు, కూరగాయల మళ్లు, మేడ మీద స్థావరం, జనరేటర్ కుదిరాక ఈ గేమ్ దగ్గర మనల్ని కదిలించేది ఏమీ మిగలదు. చలికాలం ఒకటి దాటితే రోజులు ఒకేలా నడుస్తాయి. సోలోగా ఆడితే మాట్లాడటానికి ఇంకో బతికున్న మనిషి ఉండడు. తొలినాళ్ల వెర్షన్లలో అలాంటి మనుషులు ఉండేవాళ్లు, తర్వాత తీసేశారు. మళ్లీ తెస్తామని ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. బిల్డ్ 42లో పశువుల పెంపకం, కమ్మరం, కుండల తయారీ, నేలమాళిగలు, కొత్త ఊళ్లు వచ్చాయి. చేయడానికి పని పెరిగింది, ప్రమాదం అంతగా పెరగలేదు. దానికి తోడు కండరాల నొప్పి అని ఒకటి పెట్టారు, వరసగా కొడితే చేయి పట్టేస్తుంది. వాస్తవమే కావచ్చు, నాకైతే చిరాకు.

ఓపిక ఇంకోచోట కూడా కావాలి. 2013 నవంబరులో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తికాకముందే అమ్మకానికి, వచ్చిన గేమ్ ఇది. బిల్డ్ 41 స్థిరంగా వచ్చింది 2021 డిసెంబరులో, బిల్డ్ 42 పరీక్షా వెర్షన్ వచ్చింది 2024 డిసెంబరులో. 41లో ఆడిన సేవ్ 42లో తెరుచుకోదు. మోడ్లు, అంటే ఆటగాళ్లే తయారుచేసి గేమ్‌కి తగిలించే మార్పులు, కుప్పలుతెప్పలుగా ఉన్నాయి, చాలావరకు మంచివే. కానీ సేవ్ మధ్యలో మోడ్ తీసేయడం, కొత్తది చేర్చడం చేయొద్దు. సంచుల్లో వస్తువులు సర్దే మెనూలు మొదట తలనొప్పి, అలవాటయ్యాక కూడా కొంచెం తలనొప్పే. స్నేహితులతో ఆడితే మటుకు పై కొరతలు సగం తెలియవు, ఎవడో ఒకడు హారన్ కొట్టి అందరినీ చంపుతాడు.

ఈ గేమ్‌ని నా దగ్గర ఇంతకాలం నిలబెట్టింది సాండ్‌బాక్స్ సెట్టింగులే. జోంబీల సంఖ్య, వేగం, వినికిడి, సరుకు ఎంత దొరకాలి, కరెంటు ఎప్పుడు పోవాలి, కాటుతో సోకాలా వద్దా, అన్నీ మన చేతిలోనే. నేను జోంబీలు మళ్లీ పుట్టడం ఆపేస్తాను, సరుకు బాగా తగ్గిస్తాను. అప్పుడు ఒక వీధి ఖాళీ చేస్తే అది ఖాళీగానే ఉంటుంది. డబ్బా తిండి ఒక్కటి దొరికినా పండగే. పరిగెత్తే జోంబీలు పెట్టుకుని ఆడేవాళ్లూ ఉన్నారు, వాళ్లకో దండం.

కొత్తవాళ్లయితే రోజ్‌వుడ్‌లో మొదలుపెట్టండి, చిన్న ఊరు, పోలీస్ స్టేషన్, ఫైర్ స్టేషన్ రెండూ ఉంటాయి. లూయీవిల్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. క్యారెక్టర్‌కి హ్రస్వదృష్టి లోపం ఎంచుకోండి, మంచి లక్షణాలు తీసుకోవడానికి అదనంగా పాయింట్లు వస్తాయి, కళ్లజోడు పెట్టుకుంటే ఆ లోపం బాధించదు. మొదటి రోజుల్లోనే రేడియో ఒకటి సంపాదించి అత్యవసర ప్రసారం వింటూ ఉండండి. గాల్లో కదలికల మాట వినిపిస్తే అది హెలికాప్టర్ గురించి, దాని చప్పుడుకి కూడా జోంబీలు కదిలొస్తాయి. ఆ రోజు తిండి, నీళ్లు దగ్గర పెట్టుకుని, పరదాలు వేసుకుని, ఎంత పనున్నా గడప దాటకండి.