ఆ నల్ల బ్యాగ్ షూటింగ్ రేంజ్ కిట్ ఆర్డర్ పెట్టబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

కోపం ఇంకా తగ్గలేదు, ఎడమ చెవిలో గుయ్యిమనే మోత కూడా ఇంకా తగ్గలేదు, కాబట్టి పోస్ట్ కాస్త అడ్డదిడ్డంగా ఉంటే సర్దుకోండి. సెల్లర్ పేరు రాయట్లేదు, రాయాల్సిన పనీ లేదు, ఒక్కసారి ఇయర్‌మఫ్స్ (తుపాకీ మోత నుంచి చెవుల్ని కాపాడే కప్పులు) అని వెతికిన పాపానికి ఫోన్‌లో వదలకుండా వెంటపడుతుందే, ఆ యాడే. నల్ల బ్యాగ్, నారింజ రంగు జిప్పు, "అన్నీ ఒకే బ్యాగ్‌లో, రేంజ్‌లో రోజంతా నిశ్చింత" అని. తెలిసినవాళ్లకి ఈపాటికి అర్థమైపోయుంటుంది.

ముందు సంగతి గబగబా చెప్పేస్తాను. తుపాకీ కాల్చడం ప్రాక్టీస్ చేసే ఔట్‌డోర్ రేంజ్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉందామని ప్లాన్. ఇన్నాళ్లూ రేంజ్ వాళ్లిచ్చే మఫ్స్, గ్లాసెస్‌తోనే లాగించేశాను, ఈసారి సొంతవి ఉండాలని ముచ్చటపడ్డాను. కిట్ లిస్ట్ చూస్తే కళ్లు చెదిరాయి, ఎలక్ట్రానిక్ ఇయర్‌మఫ్స్, షూటింగ్ గ్లాసెస్, తుపాకీలో తూటా లేదని చూపించే ఛాంబర్ ఫ్లాగులు, టార్గెట్లు కొట్టుకునే స్టేప్లర్, రంధ్రాల మీద అంటించే స్టిక్కర్లు, రైఫిల్ కింద పెట్టుకునే ఇసుక సంచి, క్లీనింగ్ రాడ్, చేతులకంటిన సీసం తుడుచుకునే లెడ్ వైప్స్, చివర్లో గాయమైతే రక్తం ఆపే టోర్నికే కూడా. విడివిడిగా కొంటే అయ్యేదాంట్లో సగం కూడా కాదు. ఆ రేటు చూడగానే అనుమానం రావాలా వద్దా? రాలేదు, నా తెలివి అలాంటిది. పైగా రివ్యూలు చదివి మురిసిపోయాను. "బ్యాగ్ క్వాలిటీ సూపర్" అని ఒకరి తర్వాత ఒకరు రాశారు. నిజమే, బ్యాగ్ సూపరే. లోపలున్న వాటి గురించి ఒక్కరూ రాయలేదని ఇప్పుడు మళ్లీ చదువుతుంటే తెలుస్తోంది.

సరే రేంజ్‌కి వెళ్లాం. మఫ్స్ పెట్టుకుని ఆన్ చేస్తే పక్కవాళ్ల మాటలు బ్రహ్మాండంగా వినిపించాయి, అబ్బో అనుకున్నాను. మంచి ఎలక్ట్రానిక్ మఫ్స్ చేసే పని అదే కదా, మామూలు మాటల్ని పెంచి వినిపిస్తాయి, చప్పుడు 82, 85 డెసిబెల్స్ దాటగానే మైక్ దాన్ని లోపలికి రానివ్వదు, ఇక మిగతాది ఆ కప్పు, దాని చుట్టూ ఉన్న మెత్త అడ్డుకోవాలి. బ్యాటరీ అయిపోయినా సరే కప్పు తన పని తాను చెయ్యాలి. నా దాంట్లో మాటలు పెంచే పని ఒక్కటే జరిగింది.

పక్క లేన్‌లో ఒకాయన పెద్ద రైఫిల్ తెచ్చుకున్నాడు, మూతికి మజిల్ బ్రేక్. అది ఉంటే కాల్చేవాళ్లకి తన్ను తగ్గుతుంది గానీ ఆ గ్యాస్, ఆ మోత అంతా పక్కలకి తంతుంది, అంటే సరిగ్గా నా మీదకి. ఆయన తప్పేం లేదు, రూల్స్ ప్రకారమే కాలుస్తున్నాడు. ఆయన మొదటి షాట్‌కే నా ఎడమ చెవిలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. చేతిలో ఉన్న తూటాల మ్యాగజైన్ వదిలేసి రెండు చేతులతో మఫ్స్ మీద అదిమి పట్టుకున్నాను, అలా పట్టుకుంటే కాస్త నయం, వదిలితే మళ్లీ అంతే. చిన్న పాయింట్ టూ టూ రైఫిల్ చప్పుడే 140 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, పెద్ద రైఫిల్స్ 160 దాటేస్తాయి. 140 దాటిన చప్పుడు ఒక్కటైనా చాలు చెవికి నష్టం జరగడానికి, లోపల పోయిన కణాలు మళ్లీ మొలవవు. ఇది తెలిసే కదా డబ్బులు పెట్టి కొన్నది!

రేంజ్ ఆఫీసర్ దూరం నుంచే చూసినట్టున్నాడు, వచ్చి మఫ్స్ తీసుకుని మెత్తని బొటనవేలితో నొక్కాడు. లోపలికి వెళ్లింది, పైకి రాలేదు. నొక్కిన గుంట అలాగే ఉండిపోయింది. ఏమీ అనలేదు ఆయన, తన జేబులోంచి ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ తీసిచ్చాడు, వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి, అది ఉబ్బేదాకా వేలు తియ్యకుండా పట్టుకోమన్నాడు. పైన రేంజ్ వాళ్ల పాత మఫ్స్ వేసుకోమన్నాడు. ఇన్ని ఫీచర్లున్న నా కిట్ పక్కన పెట్టి, రంగు వెలిసిన ఆ మఫ్స్‌తో మిగిలిన రోజు గడిపాను.

ఇంటికొచ్చి కప్పు విప్పి చూశాను. లోపల చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద పల్చటి స్పాంజి ముక్క ఒకటి, అది కూడా సగానికి కోసి పెట్టారు. వైరు బయటికి వెళ్లే కన్నం దగ్గర సీల్ ఏమీ లేదు, లైటు కింద పెడితే అవతలి వెలుతురు కనపడుతోంది. డబ్బా మీద మాత్రం ఎన్‌ఆర్‌ఆర్ (చప్పుడు ఎంత తగ్గిస్తుందో చెప్పే రేటింగ్) 39 అని ఇంతేసి అక్షరాలతో వేశారు. ఇది చదువుతున్నవాళ్లలో తెలిసినవాళ్లు ఇప్పటికే నవ్వుకుంటుంటారు. మంచి ఫోమ్ ప్లగ్స్‌కే ఎన్‌ఆర్‌ఆర్ 33 దగ్గర ఆగిపోతుంది, మఫ్స్‌కి ఇంకా తక్కువే. ప్లగ్స్ మీద మఫ్స్ వేసుకున్నా రెండు నంబర్లు కలపకూడదు, పెద్ద నంబరుకి ఓ 5 కలుపుకోవడమే లెక్క. స్పాంజి ముక్కతో 39 ఇచ్చారంటే ఆ సైంటిస్టులకి దండం పెట్టాలి.

తర్వాత గ్లాసెస్. లిస్టింగ్ ఫొటోలో కళ్లద్దం మూల జెడ్87 ప్లస్ అని, అంటే కళ్ల రక్షణకి అమెరికా ప్రమాణం గుర్తు, చెక్కి ఉంది, జూమ్ చేసి మరీ చూశాను. ప్లస్ అంటే ఊరికే గుర్తు కాదు, 6 మిల్లీమీటర్ల పైచిలుకు ఉక్కు గోళీని సెకనుకి 45 మీటర్ల వేగంతో కొట్టినా తట్టుకోవాలని. నాకొచ్చిన వాటి మీద ఆ గుర్తు స్టిక్కర్‌గా ఉంది! గోటితో గీకితే ఊడొచ్చింది. అద్దం మీద చెక్కింది లేదు, ఫ్రేమ్ మీద లేదు, తయారుచేసినవాళ్ల గుర్తు కూడా లేదు. రెండు బొటనవేళ్లతో మధ్యలో నొక్కాను, పెద్ద బలమేం పెట్టలేదు, టప్‌మని చీలి రెండు ముక్కలైంది, అంచు చూస్తే కత్తిలా ఉంది. మంచి షూటింగ్ గ్లాసెస్‌కి వాడే పాలీకార్బనేట్ ప్లాస్టిక్ అయితే వంగుతుంది గానీ ఇలా పెళుసుగా పగలదు. కాల్చాక ఎగిరే వేడి ఖాళీ తూటా షెల్ వచ్చి తగిలుంటేనో, ఉక్కు టార్గెట్ నుంచి చిన్న ముక్క ఎగిరొచ్చుంటేనో ఏమయ్యేదో ఊహించుకోవడం కూడా ఇష్టం లేదు నాకు.

ఇప్పుడు అసలు కథకి వస్తున్నాను. సెల్లర్‌కి మెసేజ్ పెట్టాను, ఫొటోలతో, మర్యాదగానే. మఫ్స్ చప్పుడు ఆపట్లేదండీ అని. జవాబు వెంటనే వచ్చింది, "సార్ గ్లాసెస్ కాడలు లావుగా ఉంటే మఫ్స్ సీల్ అవ్వదు సార్, మంచి గ్లాసెస్ వాడండి" అని. ఆ మాటలో నిజం లేకపోలేదు, లావు కాడలుంటే మెత్తకీ తలకీ మధ్య సందు పడి చప్పుడు దూరుతుంది, అందుకే షూటింగ్ గ్లాసెస్‌కి కాడలు పల్చగా చేస్తారు. కానీ బాబూ, ఆ గ్లాసెస్ కూడా నువ్వు పంపినవే కదా! అదే రాశాను. టైప్ చేస్తున్నట్టు చుక్కలు వచ్చాయి, పోయాయి, వచ్చాయి, పోయాయి. చాలాసేపటికి "ఓపెన్ చేసిన ఐటమ్‌కి రిటర్న్ లేదు" అని ఒక లైను. సార్ ఎగిరిపోయింది.

అక్కడితో వదిలేసేవాణ్ణేమో, నిజంగా. ఈలోపు టోర్నికే గుర్తొచ్చింది. తెలియనివాళ్ల కోసం, చెయ్యో కాలో గాయమై రక్తం చిమ్ముతుంటే పైభాగంలో పట్టీ వేసి, దానికున్న కర్రలాంటి పుల్లని తిప్పి బిగించి, రక్తం ఆగాక ఆ పుల్లని పక్కనున్న కొక్కెంలో ఇరికిస్తారు. మిగతావన్నీ దాదాపు సౌకర్యాలే, ఇది మాత్రం ప్రాణం. నా తొడకి వేసి చూశాను. పట్టీ లాగి, పుల్ల ఒక సగం చుట్టు తిప్పానో లేదో ప్లాస్టిక్ తెల్లబడి వంగిపోయింది, ఇంకొంచెం తిప్పితే కొక్కెం ఊడి మంచం కిందికి పోయింది. పట్టీ వదులుగా వేలాడుతోంది. నేను అలా కాలు చూసుకుంటూ కూర్చున్నాను కాసేపు.

ఈసారి ఫోన్ చేశాను. నంబర్ బ్యాగ్‌లో వేసిన కార్డు మీద ఉంది, కస్టమర్ సంతోషమే మా సంతోషం అని కూడా ఉంది. ఒకతను ఎత్తాడు. మొత్తం విన్నాడు, అది ఒప్పుకోవాలి. విని ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అది ఎమర్జెన్సీకి మాత్రమే, నువ్వు ప్రాక్టీస్‌కి వాడి విరగ్గొట్టావు, దానికి వారంటీ రాదు."

అంటే ఏంటి, నిజంగా రక్తం పోతున్నప్పుడే తెరిచి చూసుకోవాలా? అప్పుడు విరిగితే ఫొటో తీసి నీకు పంపాలా? ఇదే అడిగాను, గొంతు పెంచే అడిగాను. "ఇప్పటిదాకా ఇన్ని అమ్మాం, ఒక్కరు కూడా కంప్లైంట్ ఇవ్వలేదు" అన్నాడు. కొన్నవాళ్లు ఎవరూ వాడి ఉండరు కాబట్టి ఇవ్వలేదు రా నాయనా, వాడాల్సి వచ్చినవాళ్లు ఉంటే వాళ్లు ఫోన్ చేసే స్థితిలో ఉండరు. ఆ మాట అనేలోపే కట్ చేశాడు, మళ్లీ చేస్తే బిజీ, తర్వాత మెసేజ్ కూడా వెళ్లట్లేదు, బ్లాక్. స్పాంజికి, స్టిక్కర్‌కి ఇంత కోపం లేదు నాకు. మోసం అనుకుని ఊరుకుంటాం. ఆ మనిషి గొంతులో ఏ మాత్రం తడబాటు లేదు, అది మాత్రం మింగుడుపడట్లేదు.

ఒక మాట, టోర్నికేని ప్రాక్టీస్‌కి ఒకటి, బ్యాగ్‌లో ఒకటి విడిగా పెట్టుకోమని ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు కూడా చెప్తారు, వాడగా వాడగా అరుగుతుంది కాబట్టి. ఆ వంక పట్టుకునే అతను అలా అన్నాడు. కానీ అరగడం వేరు, మొదటి చుట్టుకే వంగిపోవడం వేరు. పేరున్న టోర్నికేలకి అచ్చుగుద్దినట్టుండే నకిలీలు తిరుగుతున్నాయని విన్నాను కూడా, అవి సినిమా సెట్‌లోకి పనికొస్తాయి గానీ మనిషికి కాదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. లెడ్ వైప్స్ అన్నవి సువాసన వచ్చే మామూలు తడి టిష్యూలు, ప్యాకెట్ వెనక లెడ్ అన్న మాటే లేదు. బుల్లెట్ల నుంచి, తూటా వెనక నిప్పు రాజేసే ప్రైమర్ నుంచి వచ్చే సీసం పొడి చేతులకి అంటుకుని ఉంటుంది, చేతులూ మొహమూ సరిగ్గా కడుక్కోకుండా ఏదైనా తింటే కడుపులోకే. క్లీనింగ్ రాడ్ ముక్కలు ఒకదానికొకటి సరిగ్గా బిగవట్లేదు, దాన్ని బ్యారెల్‌లోకి దింపే ధైర్యం నాకు లేదు. ఇసుక సంచి కుట్టు ఊడింది, ఆ రోజు బెంచీ అంతా ఇసుకే. ఛాంబర్ ఫ్లాగులు పర్లేదు, ప్లాస్టిక్ ముక్కే కదా, దాన్ని చెడగొట్టడం కూడా కష్టం. స్టేప్లర్ మాత్రం నిజంగా బాగుంది, అన్యాయంగా మాట్లాడకూడదు. జన్మలో అంత ఖరీదైన స్టేప్లర్ మళ్లీ కొనను.

ప్లాట్‌ఫామ్‌లో కంప్లైంట్ పెట్టాను, చూస్తున్నాం అంటున్నారు. వాళ్లు చూస్తూనే ఉంటారు. చెవి డాక్టర్ దగ్గరికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

ఇక ఏం చెయ్యాలంటే, చెవి, కన్ను, రక్తం, ఈ మూడింటికి సంబంధించినవి ఇలాంటి కాంబో బ్యాగుల్లో కొనకండి. గ్లాసెస్ అయితే గుర్తు అద్దం మీదా ఫ్రేమ్ మీదా అచ్చై ఉందో లేదో చూడండి, జెడ్87 ప్లస్ అని. మఫ్స్ మెత్త నొక్కి వదిలితే మెల్లగా పైకి రావాలి. ఎలక్ట్రానిక్ ఉన్నా లేకపోయినా బ్యాగ్‌లో ఫోమ్ ప్లగ్స్ గుప్పెడు పడేసుకోండి, పెద్ద ఖర్చేం కాదు. ముందు అంచున్న టోపీ, మెడ దాకా మూసుకునే చొక్కా వేసుకోండి, వేడి షెల్ గ్లాసెస్ వెనక పడితే ఉండే బాధ పడ్డవాళ్లకే తెలుసు. నీళ్లు, ఎండకి క్రీము, ఇవి మీకు తెలిసినవే.

ఆ నల్ల బ్యాగ్ ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే డబ్బుల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ టోర్నికేని తీసి పట్టీ మధ్యకి కత్తిరించి పారేయండి. ఊరికే చెత్తబుట్టలో పడేసినా ఎవరో ఒకరు బాగానే ఉందిగా అని తీసి పెట్టుకుంటారు.