స్పైడర్ వెయిన్స్ ఇంజెక్షన్: శ్రీకాకుళంలో "ఆ" క్లినిక్‌కి వెళ్ళేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

పేరు రాయను. రాస్తే నోటీసు పంపిస్తారని మా ఆయన భయం. రాయకపోయినా మన శ్రీకాకుళం వాళ్ళకి అర్థమైపోతుంది లెండి. ఫోన్ తెరిస్తే చాలు, "ముందు, తరవాత" అంటూ రెండు జతల కాళ్ళు చూపిస్తారు కదా, వాళ్ళే. ఆ రెండు జతలూ ఒకే మనిషివా అన్న అనుమానం నాకు అప్పుడు రాలేదు. ఇప్పుడొస్తోంది.

చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. నేను సోషల్ టీచర్ని. ఇరవై ఏళ్ళుగా బోర్డు ముందు నిలబడే ఉద్యోగం, రెండు కాన్పులు. చీలమండ పైనా, మోకాలి వెనకా ఎర్రగా, నీలంగా సాలెగూడులా సన్నటి నరాలు తేలాయి. వీటినే స్పైడర్ వెయిన్స్ అంటారు. నాగావళి, వంశధార ఉపనదులతో సహా నా కాలి మీదే ఉన్నాయని ఇంట్లో నేనే జోకులేసేదాన్ని. సాయంత్రానికి కాళ్ళు బరువెక్కేవి కూడా. అది వయసు అనుకున్నాను. ఫోన్లో ఆ రీల్ చూసి వెళ్ళాను. పద్దెనిమిది వేలు, మూడు సిట్టింగులు. చీటీ డబ్బు. అమ్మకి చెబితే "చీర కింద కనపడని కాళ్ళకి సూదులేటే, ఓలమ్మా" అంది. అమ్మ మాట వినుంటే ఈ పోస్టు ఉండేది కాదు.

అసలు నన్ను పడేసింది రీల్ కాదు. రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి. నేను లోపలికి అడుగు పెట్టగానే లేచి "టీచర్, మీరా!" అంది. మా స్కూల్లోనే పదో తరగతి చదివిన పిల్ల. మ్యాప్ పాయింటింగ్‌లో గోదావరిని కృష్ణా డెల్టాలో కలిపేసిన పిల్ల, నాకు బాగా గుర్తుంది. మన పిల్ల ఉన్న చోట మోసం ఏముంటుంది అనుకున్నాను. "ఎందుకు టీచర్ దాచుకోవడం, మీ కాళ్ళు మీవి, మీ కోసం మీరు చేయించుకోండి" అంది. మురిసిపోయాను. పైగా ఆఫర్ ఆ రాత్రితో అయిపోతుందంది. ఆ రాత్రి ఇంకా అవ్వలేదు, నిన్న కూడా బోర్డు మీద అదే ఆఫర్ ఉంది.

మొదటి సిట్టింగు గడిచిపోయింది. నన్ను నిలబెట్టి చూడలేదు, స్కాన్ లేదు, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అని అడగలేదు. సంతకం మాత్రం మూడు చోట్ల పెట్టించుకున్నారు. నాలుగు పేజీల కాగితం, అంతా ఇంగ్లీషు. పిల్లలకి "ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయండి" అని రోజూ చెప్పే నేను, చదవకుండా సంతకం పెట్టాను. పది రోజులకే రెండోదానికి రమ్మన్నారు.

రెండోసారి చీలమండ పక్కన సూది పెట్టగానే కారం పొడి చల్లినట్టు మంట. "ఆపండి" అన్నాను. తెల్ల కోటు ఆమె ఆపలేదు. "చీమ కుట్టినట్టే ఉంటుంది మేడం" అంది. చీమ ఎలా కుడుతుందో నాకు తెలీదా? సూది చుట్టూ చర్మం పాలిపోయి తెల్లగా అయింది. గుడ్డ ముక్క అంటించి పంపించేశారు. స్టాకింగ్స్, అదే కాళ్ళని బిగుతుగా పట్టి ఉంచే మేజోళ్ళు, వేసుకోవాలా అని అడిగితే "ఈ ఎండల్లో ఎందుకు" అన్నారు. మర్నాడు ఆరు పీరియడ్లు నిలబడే చెప్పాను.

నాలుగో రోజుకి పొక్కు. వారానికి నల్లటి మచ్చ. ఇప్పుడు రూపాయి బిళ్ళంత పుండు, చుట్టూ గోధుమ రంగు గీతలు. ఇదివరకు నదులే ఉండేవి, ఇప్పుడు చెరువు కూడా తవ్వారు.

ఇక నిన్నటి సంగతి. దీని కోసమే ఈ పోస్టు.

స్కూల్ అవగానే నేరుగా వెళ్ళాను. హాల్లో నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పుండు చూపించి, "ఇది చూడమ్మా, నాకు ఏ మందు ఇచ్చారో కాగితం మీద రాసివ్వండి, వేరే డాక్టర్ అడుగుతున్నారు" అన్నాను. గొంతు కూడా పెంచలేదు. ఆ పిల్ల కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. "అది మీ స్కిన్ టైప్ మేడం" అంది.

మేడం! నెల రోజుల కిందట టీచర్ని. డబ్బు కట్టాక మేడం అయ్యాను.

"డాక్టర్ గారిని పిలువు" అన్నాను. "సార్ వారానికి ఒక్కరోజే వస్తారు మేడం, విశాఖ నుంచి." మరి నాకు సూదులు పొడిచిందెవరు? "మా సిస్టర్, ట్రెయినింగ్ అయింది." నాకు కాళ్ళ కింద నేల కదిలింది. తెల్ల కోటు చూసి డాక్టరమ్మ అనుకుని రెండుసార్లూ దణ్ణం పెట్టి వచ్చాను. అడగలేదు. కిలో వంకాయలు కొంటే పుచ్చులున్నాయేమో అని ఒక్కొక్కటీ తిప్పి చూస్తాను, కాళ్ళకి సూది పొడిపించుకునే ముందు మీరెవరమ్మా అని అడగలేదు.

అయినా నేను మందు పేరే అడిగాను. అప్పుడు తలెత్తి, అందరూ వింటుండగా, నవ్వుతూ అంది: "ఎందుకు మేడం ఇంత టెన్షన్? చీరే కదా కట్టుకుంటారు, ఈ వయసులో మీ కాళ్ళు ఎవరు చూస్తారు?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నలభై మంది అల్లరి పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే నాకు ఒక్క మాట పెగల్లేదు. కుచ్చిళ్ళు దించుకుని బయటికొచ్చేశాను. "మీ కాళ్ళు మీవి" అన్న నోరే కదా అది! పుండు మానుతుందట. ఆ మాట మానదు. ఏడు రోడ్ల జంక్షన్ దాకా నడిచాక గానీ గొడుగు అక్కడే మర్చిపోయానని గుర్తు రాలేదు. వెనక్కి వెళ్ళలేదు. గొడుగు కూడా వాళ్ళకే.

రాత్రి పదకొండుకి అనిపించింది, "నేను చూసుకుంటానమ్మా, నా కాళ్ళు నేను చూసుకుంటాను" అని ఉండాల్సింది. జవాబులు ఎప్పుడూ ఇంటికొచ్చాకే తడతాయి.

ఆ వేరే డాక్టర్ ఎవరంటే, పోయిన ఆదివారం మా ఆయన విశాఖ తీసుకెళ్ళి చూపించిన వాస్క్యులర్ సర్జన్, అంటే రక్తనాళాల డాక్టర్. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఏ మందు ఇచ్చారు, ఎంత శాతం?" నా దగ్గర ఉన్న బిల్లులో "వెయిన్ కేర్ ప్యాకేజీ" అని మాత్రమే ఉంది. తల దించుకున్నాను. నన్ను నిలబెట్టి డాప్లర్ స్కాన్ (రక్తం ఎటు పారుతోందో చూసే స్కాన్) చేశారు. గజ్జల దగ్గర పెద్ద సిరలో వాల్వు సరిగా మూసుకోవడం లేదట, రక్తం కిందికి జారుతోందట. సాయంత్రం బరువు అందుకేనట. పైన లీకు అలా ఉండగా కింద సన్నవాటికి ఎన్ని సూదులు పొడిచినా మళ్ళీ వస్తాయన్నారు. మా ఆయన వెంటనే "అంటే పైన ట్యాంకు కారుతుంటే కింద గోడకి సున్నం వేశారన్నమాట" అన్నాడు. ఆ టైములో ఆ పోలిక అవసరమా?

వైద్యాన్ని తిట్టకూడదు, అది కూడా చెప్తాను. ఈ ఇంజెక్షన్ని స్క్లెరోథెరపీ అంటారు. మందు సిర లోపలి పొరని దెబ్బతీస్తే గోడలు అతుక్కుపోయి, ఆ సిర మెల్లగా ఒంట్లోనే కలిసిపోతుంది. తెలిసినవాళ్ళు చేస్తే మంచి వైద్యమే. వాడేది ఎక్కువగా పోలిడోకనాల్, లేదంటే సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్. సన్నటి స్పైడర్ వెయిన్స్‌కి పోలిడోకనాల్ అయితే 0.5 శాతం, కాస్త పెద్దవాటికి 1 శాతం. గాఢత ఎక్కువైనా, సిర బయటికి కారినా, పక్కన సన్నటి ధమనిలోకి పోయినా చర్మం చచ్చి పుండు పడుతుంది. నాకు వీటిలో ఏది జరిగిందో, అసలు ఏం ఎక్కించారో ఆ దేవుడికే తెలియాలి. గోధుమ మచ్చలు మాత్రం మంచి డాక్టర్ చేసినా కొందరికి వస్తాయట, చాలామందికి ఏడాదిలోపు తగ్గుతాయట. సిట్టింగుకీ సిట్టింగుకీ నాలుగు నుంచి ఆరు వారాలు ఎడం ఉండాలట. నాకు పది రోజులు! చేశాక నడవాలి, ఎక్కువసేపు నిలబడకూడదు, స్టాకింగ్స్ వెయ్యాలి. అన్నీ తిరగేసి చేశారు.

వెళ్ళి తీరాలి అనుకుంటే చేసేది డాక్టరేనా, రిజిస్ట్రేషన్ నంబరు ఏంటి, ముందు డాప్లర్ ఉందా అని అడగండి. మందు పేరు, శాతం, బ్యాచ్ నంబరు బిల్లు మీద రాయించుకోండి. గర్భిణులైతే అసలు వద్దు. ప్యాకేజీ డబ్బు మొత్తం ముందే కట్టకండి. మన రికార్డులు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో డాక్టర్ ఇవ్వాలని రూలుంది, ఆ సంగతి నాకు నిన్నటిదాకా తెలీదు. సోమవారం రిజిస్టర్ పోస్టులో అడుగుతున్నాను. ఇవ్వకపోతే డీఎంహెచ్‌వో ఆఫీసు, ఆ తరవాత వినియోగదారుల కమిషన్. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే కూడా ఫిర్యాదు తీసుకుంటారు.

మిగిలిన మూడో సిట్టింగు డబ్బు ఆరు వేలు వెనక్కి ఇమ్మని పొద్దున్న వాట్సాప్‌లో అడిగాను. ఇప్పుడే జవాబొచ్చింది: "డియర్ మేడం, మీ మూడో సిట్టింగు ఈ నెలాఖరులోపు వాడుకోకపోతే చెల్లదు." చివర రెండు గులాబీలు.