హోమ్ సర్వర్‌కు యూఎస్‌బీ వైఫై: కెర్నెల్‌లోని డ్రైవరా, బయటి డ్రైవరా?

లినక్స్ హోమ్ సర్వర్‌కు తగిలించే యూఎస్‌బీ వైఫై అడాప్టర్లలో మీడియాటెక్ ఎంటీ7612యూ చిప్‌కు డ్రైవర్ 4.19 వెర్షన్ నుంచి కెర్నెల్‌లోనే (లినక్స్ మూల భాగంలోనే) ఉంది కాబట్టి, ఫర్మ్‌వేర్ ఫైలు (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) ఉంటే సాధారణంగా వేరే శ్రమ ఉండదు. రియల్‌టెక్ ఆర్‌టీఎల్8812ఏయూ సంగతి వేరు: పాత కెర్నెళ్లలో దాని డ్రైవర్‌ను బయటి నుంచి తెచ్చి కంపైల్ చేసుకోవాలి, డీకేఎంఎస్‌తో (కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ను తిరిగి కంపైల్ చేసే సాధనంతో) అమర్చకపోతే కెర్నెల్ అప్‌డేట్ తరువాత సర్వర్ రీబూట్ కాగానే నెట్‌వర్క్ మాయమవుతుంది, అమర్చినా కొత్త కెర్నెల్ హెడర్ ప్యాకేజీ (ఆ కంపైల్‌కు కావలసిన ఫైళ్లు) లేకుంటే అదే గతి. మానిటర్ కూడా లేని సర్వర్‌లో ఇది చిన్న ఇబ్బంది కాదు. అందుకే నా మొగ్గు మీడియాటెక్ వైపే.

అయితే కనెక్షన్ తరచుగా తెగుతున్నప్పుడు చిప్‌ను నిందించే ముందు పోర్టును పరిశీలించాలి: యూఎస్‌బీ 3.0 ప్రసారం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో రేడియో రొద పుట్టిస్తుంది కనుక, ఏ అడాప్టర్‌నైనా ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో కాస్త దూరంగా పెట్టాలి, లేదా 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాలి.