హెర్బీ ఓవర్‌ఫ్లో, డీసీ పంపు: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

అక్వేరియం కింద సంప్ (పంపు, ఫిల్టర్ ఉండే రెండో తొట్టి) పెట్టాలనుకునే వాళ్లందరికీ ఒకటే బెంగ: పంపు పైకి తోసే నీళ్లూ, ఓవర్‌ఫ్లో (ట్యాంక్ పైఅంచు దాటిన నీళ్లు పడే పెట్టె) నుంచి కిందికి దిగే నీళ్లూ సరిసమానంగా ఉండేలా చూడటం ఎలా? ఏళ్లుగా వాడుతున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా, ఆ లెక్క మనం సరిచూడాల్సింది కాదు. పంపు ఎంత తోస్తే అంతా అంచు మీదుగా పొర్లి ఆ పెట్టెలో పడుతుంది. పైపుకి దాన్ని దించే సత్తా ఉంటే చాలు. మన చేతిలో ఉన్నది ఓవర్‌ఫ్లో పెట్టెలో నీళ్లు ఏ ఎత్తులో నిలవాలన్నదీ, ఎంత చప్పుడు రావాలన్నదీ మాత్రమే.

నా ట్యాంక్ నాలుగడుగుల పొడవు, అడుగున్నర చొప్పున వెడల్పు, ఎత్తు. దాదాపు 250 లీటర్లు. మంచినీళ్ల చేపలు, వాలిస్నేరియా గడ్డి, చెర్రీ రొయ్యలు. ఓవర్‌ఫ్లో పెట్టెలో రెండు పైపులు. మొదటి దాని మూతి ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది, దాని కింది కొసన గేట్ వాల్వ్, అంటే చాలా చుట్లు తిప్పితేగానీ పూర్తిగా మూసుకోని వాల్వ్. గాలి చొరబడదు కాబట్టి నిండు సైఫన్‌గా లాగుతుంది, చప్పుడు ఉండదు. రెండోదాని మూతి పైన ఉంటుంది, దానికి వాల్వ్ ఏమీ ఉండకూడదు. మొదటిది మూసుకుపోతే మొత్తం నీళ్లు అదే దించాలి. హెర్బీ పద్ధతి అంటే ఇంతే.

పంపు డబ్బా మీద రాసిన అంకెను నమ్మకండి. అది పంపు నీళ్లను ఏమాత్రం ఎత్తనక్కర్లేనప్పటి లెక్క. నాలుగైదు అడుగులు ఎక్కించి, రెండు మూడు మోచేతి వంపులు తిప్పేసరికి చాలా తగ్గిపోతుంది. నీళ్లను తిరిగి ట్యాంక్‌లోకి పోసే రిటర్న్ పైపు కొసన 20 లీటర్ల బకెట్ పట్టి గడియారం చూసుకోండి. నిమిషంలో నిండితే గంటకు 1200 లీటర్లు. ఈ ట్యాంక్‌కి అది చక్కగా సరిపోతుంది. డీసీ పంపు నాకు నచ్చింది ఇందుకే: దాని వేగాన్ని మనకు కావలసినంతకి సర్ది, ఒకసారి ఖాయం చేసి వదిలేయొచ్చు. ఆ తర్వాత చెయ్యి గేట్ వాల్వ్ మీదే ఉండాలి. రెండూ ఒకేసారి తిప్పితే ఏది ఏం చేసిందో తెలియదు.

వాల్వ్‌ను కొంచెం మూసి పది నిమిషాలు ఆగాలి. పెట్టెలో నీళ్లు మెల్లగా ఎక్కుతూ, రెండో పైపులోకి సన్నటి ధారగా జారడం మొదలవ్వగానే ఆపేయండి. ఆ ధారే అసలు కిటుకు. సైఫన్ ఒక్కటే మోస్తే, నీటి ఎత్తు కాస్త మారినా దాని ప్రవాహం పెద్దగా మారదు. అందుకే మట్టం రోజంతా పైకీ కిందికీ జరుగుతూ ఉంటుంది. మిగులు నీటికి రెండో దారి ఉంటే ఆ తేడా అటు పోతుంది.

బాల్ వాల్వ్‌తో ఈ పని కాదు. పావు తిప్పులోనే మొత్తం తెరుచుకునేదాంతో ఇంత సున్నితంగా సర్దలేం. హార్డ్‌వేర్ షాపులో గేట్ వాల్వ్ అడిగితే ముందు ఇత్తడిదే చేతిలో పెడతారు. రొయ్యలున్న ట్యాంక్‌కి అది వద్దు, ఇత్తడిలోని రాగి వాటికి విషం. ప్లాస్టిక్‌దే వెతకండి, ఖరీదు ఎక్కువైనా సరే.

సైఫన్ పైపు కొస సంప్ నీళ్లలో ఒక అంగుళం మునిగితే చాలు. లోతుగా ముంచితే, కరెంటు పోయి వచ్చినప్పుడు పైపులో చిక్కుకున్న గాలి బయటికి రాలేక సైఫన్ పట్టుకోదు. నా సెట్టింగ్‌లో కరెంటు రాగానే కాసేపు గుడగుడలాడి, దానంతటదే సద్దుమణుగుతుంది. ఎవరూ లేవనక్కర్లేదు. పోతూ వస్తూ ఉండే మన కరెంటుకి, ఈ పద్ధతిలో ఇంతకంటే పెద్ద సుగుణం లేదు.

పంపు ఆగినప్పుడు దిగే నీళ్ల లెక్క మాత్రం కాగితం మీద వేసుకోవాల్సిందే. ఈ కొలతల ట్యాంక్‌లో మట్టం ఒక సెంటీమీటర్ తగ్గితే దాదాపు అయిదున్నర లీటర్లు సంప్‌లోకి వస్తాయి. మూడు సెంటీమీటర్లు తగ్గితే పదహారున్నర, దానికి ఓవర్‌ఫ్లో పెట్టెలోవీ కలపాలి. అంత ఖాళీ సంప్‌లో ఎప్పుడూ ఉండాలి. రిటర్న్ నాజిల్ నీటి పైమట్టానికి దగ్గరగా ఉంచి, పైపుకి నీటి అంచున చిన్న చిల్లు పెడితే గాలి చేరి వెనక్కి లాగడం ఆగుతుంది. నీళ్లను ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్ మీద నాకు నమ్మకం లేదు, పాకుడు పడితే అది పూర్తిగా మూసుకోదు.

ఇబ్బందులూ ఉన్నాయి. గేట్ వాల్వ్‌లో పాకుడు పేరుకుని మట్టం ఎక్కుతుంది. అప్పుడప్పుడూ పూర్తిగా తెరిచి, పాకుడు కొట్టుకుపోయాక మళ్లీ సర్దాలి. బోరు నీళ్లయితే పంపు ఇంపెల్లర్ మీద సున్నం కడుతుంది. ప్రవాహం తగ్గి, పెట్టెలో నీళ్లు దిగిపోయి, సైఫన్ గాలి పీలుస్తుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే సున్నం వదులుతుంది. వేసవిలో ఆవిరైన నీళ్ల లోటంతా సంప్‌లో పంపు ఉన్న అరలోనే కనబడుతుంది, పైన ట్యాంక్ నిండుగానే ఉంటుంది. ఎండల్లో రోజూ ఆ అర చూసి నీళ్లు పోయాలి, లేదంటే తగ్గిన నీళ్లను తనే నింపే ఆటో టాప్ ఆఫ్ పెట్టుకోవాలి.

కొత్త ట్యాంక్ చేయించుకునేవాళ్లకు నా సలహా హెర్బీనే. పైపుల కోసం గాజుకి చిల్లులు ముందే పెట్టించండి. టఫెన్డ్ గాజైతే తర్వాత డ్రిల్ పెట్టగానే పగిలిపోతుంది. చిల్లు లేకుండా అంచుకి తగిలించే సైఫన్ పెట్టెలను మాత్రం నేను ఎవరికీ చెప్పను. వాటిలో సైఫన్ ఒకసారి తెగితే పంపు తోస్తూనే ఉంటుంది, నీళ్లు నేల మీదికే వస్తాయి.