బోర్డు మీద కోణాల అక్షరమా, గుండ్రటి అక్షరమా?

ఒంగోలులో బండలాగుడు పోటీలకు ఫ్లెక్సీ వేయాలంటే నా ఓటు లావుపాటి కోణాల అక్షరాలకే. ఎద్దుల బలం, పోటీ ఊపు అక్షరంలోనే కనిపిస్తాయి, హైవే మీద పోతున్నవాళ్ల కంటికీ ఆనతాయి. కాకపోతే మన లిపి తీరే గుండ్రం. తాటాకు మీద గంటంతో రాసే రోజుల్లో, ఆకు చీలకుండా ఉండాలని కూడా అది వంపులు తిరిగిందంటారు. ఆ వంపుల్ని విరిచి లావు చేస్తే లోపలి ఖాళీలు పూడిపోతాయి. 'భోజనం' బోర్డులో భ కింది చిన్న గీత కలిసిపోతే 'బోజనం' అయిపోతుంది. ప, వ తేడా కూడా తలకట్టు దగ్గరి సందులోనే ఉంది.

అందుకే నెల్లూరు మెస్సుకి గుండ్రటిదే నయం. 'నెల్లూరు చేపల పులుసు'లో ల్లూ కింద ఒత్తు హాయిగా కూర్చోవాలి. లావు అక్షరాల్లో అది కింది వరుసను గుద్దుతుంది, వరుసల మధ్య ఎడం పెంచక తప్పదు.

గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి రెండూ ఉచితమే. లావుగా ఉండే రామభద్ర హెడ్డింగులకు, పోస్టర్లకు. తేదీ, చోటు, ఫోన్ నంబరు లాంటి చిన్న అక్షరాలకు మాత్రం మండలే వాడండి.