కళ్లు తిరిగే జబ్బుకు కళ్లలోనే పరీక్ష: విజయవాడలో ఒక వర్టిగో క్లినిక్

పక్క మీద కుడివైపు ఒత్తిగిలితే చాలు, గది గిర్రున తిరుగుతోందని మా అమ్మగారు కొంతకాలంగా బాధపడుతున్నారు. ఎక్స్‌రే చూపించి, మెడ ఎముకలు అరిగాయని చెప్పి కాలర్ పెట్టించినవారే తప్ప, ఆవిడ కళ్లలోకి చూసినవారు లేరు. ఆ వయసులో మెడ ఎముకలు అరగనిది ఎవరికి?

ఈ క్లినిక్‌లో వీడియో నిస్టాగ్మోగ్రఫీ అనే పరీక్ష చేశారు. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలున్న గాగుల్స్ తొడిగి మూత వేస్తే రోగికి అంతా చీకటి, తెర మీద మాత్రం కనుపాప స్పష్టంగా కనిపిస్తుంది. చూపు ఏదైనా వస్తువు మీద నిలిస్తే, తల కదలికలను పసిగట్టే లోపలి చెవిలో లోపం వల్ల కనుగుడ్లు తమంతట తాము కొట్టుకోవడం అణిగిపోతుంది కాబట్టి ఆ చీకటి తప్పనిసరి.

నన్ను మెప్పించినది మెడను విడిగా పరీక్షించిన తీరు. ఒకరు అమ్మగారి తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకోగా, మరొకరు ఆవిడ కూర్చున్న కుర్చీని మెల్లగా పక్కకు తిప్పారు. తల కదలదు కనుక లోపలి చెవికి ఏమీ తెలియదు. మెలిపడిన మెడ కండరాల నుంచి, కుర్చీ ఒత్తుకునే వీపు, తొడల చర్మం నుంచి మాత్రమే మెదడుకు కబురు అందుతుంది. మెడ నుంచి కంటికి వెళ్లే ఈ ప్రతిచర్య ఆరోగ్యవంతులలో చాలా బలహీనమనీ, రెండు లోపలి చెవులూ దెబ్బతిన్నవారిలో బలపడుతుందనీ డాక్టరుగారు ఓపికగా వివరించారు. అమ్మగారి కనుపాపలు కదలలేదు. ఆ తరువాత సెకనుకు 100 సార్లు కంపించే వైబ్రేటర్‌ను చెవి వెనుక ఎముకకు, మెడ కండరానికి ఆనించారు. ఒక వైపు లోపలి చెవి పనిచేయకపోతే, ఏ వైపు ఆనించినా కళ్లు సాధారణంగా బాగున్న చెవి వైపుకే కొట్టుకుంటాయట, అదీ కనిపించలేదు.

చివరకు తలను కుడివైపు తిప్పి, వెనక్కు వాల్చి పడుకోబెట్టారు. రెండు మూడు క్షణాలు ఏమీ లేదు. ఆపైన కనుగుడ్లు కింది చెవి వైపు మెలితిరుగుతూ పైకి కొట్టుకోవడం తెర మీద మేము కూడా చూశాము, నిమిషం లోపే అది ఆగింది. లోపలి చెవిలోని కాల్షియం స్ఫటికాలు వెనుక అర్ధవృత్తాకార నాళంలోకి జారాయని తేల్చి, వాటిని వెనక్కు పంపే ఎప్లీ విన్యాసాన్ని అక్కడే చేశారు. కాలర్ అవసరం లేదన్నారు.

లోపాలూ లేకపోలేదు. తల తిరుగుడు మాత్రలు కంటి కదలికలను అణచివేస్తాయి గనుక పరీక్షకు ముందు డాక్టరును అడిగి ఆపాలన్న సంగతి ఫోనులో చెప్పలేదు, అందువల్ల మొదటిసారి ఊరకే తిరిగి వచ్చాము. గాగుల్స్ పట్టీ బిగుతుకు అమ్మగారి కొప్పు విప్పవలసి వచ్చింది. నివేదిక అంతా ఆంగ్లంలోనే, గీతలతో నిండి ఉంది. మెడకు ఇటీవల గాయమైనవారు, శస్త్రచికిత్స జరిగినవారు ఆ విషయాన్ని కుర్చీలో కూర్చోకముందే సిబ్బందికి చెప్పాలి. వారు తమంతట తాము అడగరు.