ఫోటోగ్రఫీ నేర్చుకోడానికి ఏది మేలు: ఫోనా, కిట్ లెన్సా, 50 ఎంఎం ప్రైమా?

హైదరాబాద్‌లో ఒక బిగినర్స్ ఫోటోగ్రఫీ క్లాసుకి రెండు నెలలపాటు ప్రతి ఆదివారం పొద్దున్నే లేచి వెళ్ళా. మొదటిరోజే అర్థమైపోయింది అక్కడ మూడు గ్యాంగులున్నాయని. ఫోన్ జేబులో వేసుకుని వచ్చేసినవాళ్ళు, నాలాగా కెమెరా డబ్బాతో పాటు వచ్చిన 18-55 ఎంఎం కిట్ జూమ్ లెన్స్ (అంకె చిన్నదైతే ఎక్కువ చోటు పడుతుంది, పెద్దదైతే దగ్గరికి లాగుతుంది) మెడలో తగిలించుకున్నవాళ్ళు, ఇంకా వీడియోలు చూసి క్లాసు మొదలవ్వకముందే జూమ్ లేని 50 ఎంఎం ఎఫ్ 1.8 ప్రైమ్ లెన్స్ (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది) కొనేసుకుని మావైపు కాస్త జాలిగా చూసేవాళ్ళు. ఇప్పుడు మా మేనల్లుడు "మావయ్యా ఏది కొనమంటావ్" అని రోజూ ప్రాణం తీస్తున్నాడు, వాడికి ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇక్కడ రాస్తున్నా.

ఫోటో బాగా రావడానికి ఏది మేలు అంటే అది వేరే లెక్క, నేర్చుకోడానికి ఏది మేలు అంటే వేరే లెక్క. ఫంక్షన్లో నలుగురికీ నచ్చే ఫోటో కావాలంటే ఫోన్ చాలు, గొడవే లేదు. కానీ నేర్చుకునేవాడికి కావాల్సింది వాడి తప్పు వాడి మొహం మీద కొట్టినట్టు చూపించే వస్తువు, నా గోలంతా దాని గురించే.

కంపోజిషన్, అంటే ఫ్రేములో ఏది ఎక్కడ పెట్టాలో, దాని దగ్గర మాత్రం ఫోన్‌వాళ్ళే మమ్మల్ని ఓడించేశారు, ఒప్పుకోవాల్సిందే. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి తీసుకెళ్ళి ఒక ఆర్చి, ఒక మనిషి, అంతే, ఇంకేం ఉండకూడదు అన్నారు సారు. మేమంతా ఒక కన్ను మూసుకుని వ్యూఫైండర్లో మొహం పెట్టి నిలబడితే, మా బ్యాచ్‌లో ఒక ఆంటీ ఫోన్‌ని తలకిందులు చేసి నేలకి ఆనించి, రాత్రి వానకి నిలిచిన నీళ్ళలో ఆర్చి నీడ పట్టేసింది. ఫోన్లో బొమ్మ పెద్ద స్క్రీన్ మీద అచ్చు ఫోటోలాగే కనిపిస్తుంది, గ్రిడ్ గీతలు ఆన్ చేసుకోవచ్చు, చెయ్యి ఎక్కడిదాకా వెళ్తే కెమెరా అక్కడిదాకా వెళ్తుంది. పైగా ఫోన్ మెయిన్ లెన్స్ వైడ్‌గా ఉంటుంది కాబట్టి దగ్గరికి వెళ్ళకపోతే కరెంటు స్తంభాలు, చెత్తడబ్బా, పక్కనోడి మోచెయ్యి అన్నీ ఫ్రేములోకి వచ్చేస్తాయి, దెబ్బకి దగ్గరికి వెళ్ళడం అలవాటవుతుంది.

50 ఎంఎం సంగతి తేడా. మన దగ్గర ఎక్కువమంది కొనే చిన్న సెన్సార్ (లోపల బొమ్మ పడే చిప్) కెమెరాల మీద అది 75 లేదా 80 లాగా, అంటే ఇంకాస్త జూమ్ చేసినట్టు పనిచేస్తుంది, నికాన్ అయితే 75, కెనాన్ అయితే 80. లాడ్ బజార్లో గాజుల కొట్టు మొత్తం పట్టాలంటే వెనక్కి వెనక్కి నడవాలి, నడిస్తే వెనకాల బైకోడు హారన్ కొట్టి తిడతాడు. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్తియే బ్రెసాన్ దాదాపు జీవితమంతా 50తోనే తీశాడు కదా అని మా క్లాసులో ఒకడు వాదించాడు, నిజమే, కానీ ఆయనది లైకా ఫిల్మ్ కెమెరా, దాని మీద 50 అంటే 50యే. అదే చూపు మన చిన్న సెన్సార్ మీద కావాలంటే 35 దగ్గర పెట్టాలి, అది కిట్ లెన్స్‌లోనే ఉంది! 50తో ఇంకో పెద్ద రోగం ఏంటంటే ఎఫ్ 1.8 పెట్టగానే వెనకాలదంతా వెన్నలాగా కరిగిపోతుంది, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, ఇక బ్యాక్‌గ్రౌండ్ గురించి ఆలోచించడమే మానేస్తాం. మా క్లాసులో 50వాళ్ళ ఫోటోలన్నీ ఒకేలా ఉండేవి, మధ్యలో ఒక మొహం, చుట్టూ పాలమీగడ.

కిట్ లెన్స్‌కీ రోగం లేకపోలేదు, నిలబడ్డచోటు నుంచే జూమ్ తిప్పుతూ ఉంటాం, బద్ధకం. దానికి మందు టేప్. 35 దగ్గర రింగుకి టేప్ వేసేసి రెండు వారాలు తియ్యకూడదు.

ఇక లైటు. ఒక క్లాసులో కిటికీ పక్కన కుర్చీ వేసి మాలో ఒకళ్ళని కూచోబెట్టి, మొహం సగం వెలుగులో సగం నీడలో పెట్టి, ముగ్గురిని మూడింటితో తీయమన్నారు. ఫోన్ ఏం చేసిందంటే నీడవైపు కూడా వెలుగు లాగేసి మొహం మొత్తం సమానంగా చేసేసింది, నాలుగైదు ఫ్రేములు కలిపి దానంతటదే వండేస్తుంది కదా. అందంగానే ఉంది, కానీ కిటికీ ఏ పక్కనుందో ఫోటో చూసి చెప్పలేం, మరి లైటు డైరెక్షన్ ఇంకెలా నేర్చుకుంటాం? నా కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్ 5.6 కన్నా తెరుచుకోదు, దాంతో ఐఎస్ఓ (తక్కువ వెలుగులో కెమెరా బొమ్మని ఎంత వెలిగించాలో చెప్పే అంకె) 1600కి వెళ్ళాల్సొచ్చింది, ఫోటోలో ఉప్పు చల్లినట్టు గ్రెయిన్, అయినా నీడ నీడలాగా ఉంది. 50తో తీసినోడిది అందరికన్నా బాగా వచ్చింది. ఎఫ్ 5.6తో పోలిస్తే ఎఫ్ 1.8లో దాదాపు 10 రెట్లు వెలుగు లోపలికి వస్తుంది, నాకు 1600 కావాల్సినచోట వాడికి 160 సరిపోయింది. కన్ను షార్పు, చెవి మెత్తన. తర్వాత ఇద్దర్ని కూచోబెడితే మాత్రం ఒకళ్ళే ఫోకస్‌లో ఉన్నారు, రెండో ఆయన ఫీలయ్యాడు. ఈ లైటు సబ్జెక్టులో మార్కులు 50కే, డౌట్ లేదు.

మోషన్ దగ్గర అసలు రంగు బయటపడుతుంది. హోంవర్కు సీలింగ్ ఫ్యాన్. మూడు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 300 చుట్లు తిరుగుతుందనుకోండి, అంటే సెకనుకి 5, షట్టర్ (లోపలికి వెలుగు వచ్చే టైము) 1/15 సెకను పెడితే ఆ టైములో సరిగ్గా మూడోవంతు చుట్టు తిరుగుతుంది, మూడు రెక్కలు కలిసిపోయి ఒక పళ్ళెంలాగా వస్తుంది. 1/1000 పెడితే రెక్కలు దాదాపు ఆగిపోతాయి. ఇంట్లో పైసా ఖర్చు లేకుండా షట్టర్ స్పీడ్ మొత్తం తలకెక్కిపోతుంది. ట్యూబులైటు కింద మాత్రం 1/500, 1/1000లో ఒక్కోసారి ఫోటో మీద చారలు పడతాయి, లెన్స్ పాడైందని నేను ఒకరోజంతా ఏడ్చా, తీరా చూస్తే మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది, కంటికి తెలీదు కెమెరాకి తెలుస్తుంది.

రెండో హోంవర్కు ఆటో ప్యానింగ్, ఆటోతో పాటు కెమెరా తిప్పుతూ 1/30లో నొక్కాలి, ఆటో నిలకడగా వెనక రోడ్డంతా గీతలుగా రావాలి. ఇక్కడ ఫోన్ పూర్తిగా చేతులెత్తేసింది. ప్రో మోడ్‌లో షట్టర్ మార్చొచ్చు కానీ చాలా ఫోన్లలో అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే ఆ ఎఫ్ అంకె) మార్చలేం, ఎఫ్ 1.8 దగ్గరే బిగిసిపోయుంటుంది, మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 100కి దానికి 1/8000 లాంటి షట్టర్ కావాలి, 1/30 పెడితే తెల్లకాగితమే. ఐఫోన్లో లైవ్ ఫోటోని లాంగ్ ఎక్స్‌పోజర్‌గా మార్చే చిట్కా ఉంది, నీళ్ళకి బాగానే పనిచేస్తుంది, ప్యానింగ్‌కి కాదు. కిట్ లెన్స్ అయితే ఎఫ్ 22కి మూసేస్తే ఎండలోనే 1/50 వస్తుంది, సాయంత్రం నీడపడ్డాక 1/30, 1/15 హాయిగా. నాకు 40 ఆటోలకి ఒకటి కుదిరింది, ఆ ఒక్కటి ఇప్పటికీ నా వాల్‌పేపర్.

బతుకమ్మ అప్పుడైతే 50 మీద నాకున్న కాస్త మోజు కూడా పోయింది. కాలనీ గ్రౌండ్లో ఆడవాళ్ళు గుండ్రంగా తిరుగుతుంటే కెమెరాని పిట్టగోడ మీద ఆనించి 18 దగ్గర 1/8 సెకను పెట్టా, మధ్యలో తంగేడు, గునుగు పూల బతుకమ్మలు కదలకుండా స్పష్టంగా ఉన్నాయి, చుట్టూ చీరల రంగులు సుడి తిరిగాయి. అదే గోడ మీంచి 50 పెడితే సగం గుంపు ఫ్రేము బయటే.

అందుకని మావాడికి చెప్పింది ఇది: ఇంట్లో కెమెరా లేకపోతే తొందరపడి కొనకు, మొదటి రెండు నెలలు కంపోజిషన్ అంతా ఫోన్‌తోనే కానిచ్చెయ్. తర్వాత సెకండ్‌హ్యాండ్ బాడీ (లెన్స్ లేని కెమెరా), కిట్ లెన్స్. 50 గురించి ఆర్నెల్ల తర్వాత చూద్దాం, అది కూడా మొహాలు తీయడం మీద నిజంగా ఇష్టముంటేనే. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోమన్నా. నికాన్ డీ3500, డీ5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు, పాత 50 ఎఫ్ 1.8డీ లెన్స్ చవకగా దొరికిందని తెస్తే ఆటోఫోకస్ పనిచెయ్యదు, చేత్తో తిప్పుకోవాల్సిందే, జీ అని ఉన్న ఏఎఫ్-ఎస్ లెన్సే తీసుకోవాలి. నాకెలా తెలుసంటే, అమ్మినాయన చెప్పలేదు, నేను అడగలేదు.

అన్నట్టు ఆ టేప్, మెడికల్ షాపులో దొరికే పేపర్ టేప్ వాడండి. నేను ప్యాకింగ్ టేప్ వేసి ఆ బంక ఇప్పటికీ గోకుతున్నా.